లాకు సూపర్నెంటు గారి నడుం

మా వారికి ఇన్వాలీడు పింఛను రాకుండా అడ్డుపడింది గవర్నమెంటు కాదు, డాక్టర్లూ కాదు. ఆయన మర్యాదే. ఈ ముక్క నేను చాలామందికి చెప్పాను, ఎవరూ నమ్మలేదు. గోదావరి అవతలి వాళ్ళు నమ్మకపోతే నేనేమీ అనుకోను. కోనసీమలో పుట్టినవాళ్ళు నమ్మలేదంటే మాత్రం కావాలనే అంటున్నారు.

అప్పట్లో మేము ముక్తేశ్వరానికి ఎగువన కాలవ గట్టు మీద, లాకుల దగ్గర గవర్నమెంటు క్వార్టర్సులో ఉండేవాళ్ళం. లాకంటే తెలియని ఈ కాలం పిల్లల కోసం చెప్తున్నాను. కాలవలో ఎగువ నీళ్ళు ఎత్తుగా, దిగువ నీళ్ళు పల్లంగా ఉన్నచోట పడవ దిగడానికి కట్టిన గది అది. అటొక పెద్ద తలుపు, ఇటొక పెద్ద తలుపు. పడవ లోపలికి రాగానే ఒక తలుపు మూసి, నీళ్ళు వదిలి, రెండోది తెరుస్తారు. తలుపులు తిప్పేది లస్కర్లు. దగ్గరుండి తిప్పించేది సూపరింటెండెంటు. పడవల మీద వచ్చే సరంగులకి అంత పొడుగు మాట పలికే తీరిక ఉండదు, సూపర్నెంటు గారనేవారు. ఆ సూపర్నెంటు గారే మా ఆయన.

స్వరాజ్యం వచ్చిన మరుసటేడు వానల్లో ఆయన లాకు మెట్ల మీద నాచుకి కాలు జారి, పడవలు కట్టే ఇనప గుంజ మీద వెల్లకిలా పడ్డారు. గుంజకేమీ కాలేదు. లస్కర్లు ఆయన్ని ఒక చెక్క మీద పడుకోబెట్టి ఇంటికి మోసుకొచ్చారు. నేను గుండెలు బాదుకుంటూ ఎదురెళ్ళేసరికి, ఆయన చెక్క మీద పడుకునే, "వీళ్ళు పొద్దుటినించీ ఏవీ తినలేదు, తలో గ్లాసుడు మజ్జిగియ్యి" అన్నారు. ఇచ్చాను. ఏడుస్తూ మజ్జిగ కలపడం అంత తేలిక కాదు.

నూనెలు, కాపడాలు, కట్లు, ఇంజక్షన్లు అన్నీ అయ్యాయి. అమలాపురం డాక్టరు వెన్నుపూసలో ఏదో నలిగిందన్నాడు. కాస్సేపు కూర్చుంటే కాళ్ళు మొద్దుబారేవి. కాస్సేపు నిలబడితే నడుం దగ్గర్నించి మడమల దాకా మంట. పడుకుంటే ఫరవాలేదు గాని, పడుకుని చేసే ఉద్యోగాలు ఆ డిపార్టుమెంటులో లేవు. ఉన్నా అవి పై వాళ్ళకే ఇచ్చేవారు.

సెలవులన్నీ అయిపోయాక ఓవర్సీరు గారు ఒకరోజు సైకిలు మీద మా ఇంటికొచ్చారు. మా ఆయనకి పై అధికారి, నిజంగా మంచి మనిషి. ఆయన్ని చూడగానే మా వారు మంచం మీంచి లేవబోయారు. ఓవర్సీరు గారు వద్దంటూ భుజం పట్టుకుని ఆపారు. ఆ పట్టుకోవడం వల్ల మా వారికి ఇంకో రెండు రోజులు నొప్పి చేసింది, అది వేరే సంగతి.

"చూడండి సూపర్నెంటు గారూ, ఇంక సెలవు లేదండి," అన్నారాయన. "రాజీనామా ఇచ్చేరంటే ఇన్నేళ్ళ సర్వీసూ పోయినట్టేనండి. కాకినాడలో మెడికల్ బోర్డుందండి. ముగ్గురు డాక్టర్లు చూసి, ఈయన ఇంక ఉద్యోగం చెయ్యలేరని రాసిచ్చేరనుకోండి, యాభై అయిదేళ్ళు నిండకపోయినా పింఛనిస్తారు. ఇన్వాలీడు పింఛనంటారు. చెయ్యగలరని రాసేరా, వెంటనే డ్యూటీలో చేరాలండి. చేరకపోతే రాజీనామా కిందే కడతారు."

"ఆయ్," అన్నారు మా వారు.

మాకు పొలం పుట్రా లేదు. ఇద్దరు ఆడపిల్లలు బళ్ళో చదువుతున్నారు. ఉంటున్న ఇల్లు గవర్నమెంటుది. పింఛను వస్తే కొత్తపేటలో మా నాన్నగారింట్లో వీధివైపు గదిలో తలెత్తుకుని ఉండొచ్చు. రాకపోతే అదే గదిలో తల దించుకుని ఉండాలి. మా వదినగారు ఎలా చూస్తుందో నాకు ముందే తెలుసు కాబట్టి, ఆ రెంటికీ తేడా నాకు బాగా తెలుసు.

బోర్డు పిలిచిన రోజుకి ఆయన్ని పెళ్ళికొడుకుని చేసినట్టు చేశాం. మంగలి ఇంటికొచ్చి గడ్డం గీశాడు. నేను పంచెకి గంజి పెట్టి, కోటు ఇస్త్రీ చేయించాను. నడుంకి కట్టిన గుడ్డ కోటు కింద ఎత్తుగా కనిపిస్తోందని, పెద్దవాళ్ళ ముందుకి అలా వెళ్ళకూడదని విప్పేశారు. పెద్ద లస్కరుని తోడిచ్చి పంపాను. నన్ను రావద్దన్నారు, ఆసుపత్రిలో ఆడవాళ్ళు ఎక్కడ కూచుంటారో ఏమో అని.

మర్నాడు సాయంత్రం తిరిగొచ్చారు. మొహం తెల్లగా పాలిపోయి ఉంది గాని, చాలా తృప్తిగా ఉన్నారు.

"ఎంత మర్యాదస్తులనుకున్నావు! ముగ్గురూ ఎంతో ఆదరంగా మాట్లాడేరు," అన్నారు.

"ఏమడిగారు?"

"ఎలా ఉన్నారండీ అని అడిగేరు."

నాకు అక్కడే సంగతి తెలిసిపోయింది. మా వైపు పెద్దమనిషెవరైనా ఎలా ఉన్నారని అడిగితే, తమ దయవల్ల బాగున్నామండీ అనాలి. మంచం పట్టినవాళ్ళు కూడా అంటారు. మా మావగారు ఆ మాట అని మరీ పోయారు.

"మీరేమన్నారు?"

"ఏవంటాను? తమ దయవల్ల బాగానే ఉన్నానండీ అన్నాను."

మిగతాది పెద్ద లస్కరు పెరట్లోకి పిలిచి చెప్పాడు. బోర్డు వారు రావడం ఆలస్యమైందట. వరండాలో బెంచీ ఉందట. కాని లోపలికీ బయటికీ డాక్టర్లు తిరుగుతున్నారు, ఒకరు పోతే ఒకరు వస్తున్నారు, వచ్చినప్పుడల్లా లేచి నిలబడాలి. లేవడం కూచోవడం కన్నా నిలబడిపోవడమే నయమని ఈయన పూటంతా గోడ పక్కన నిలబడిపోయారట. లోపల కుర్చీ చూపిస్తే, ఫరవాలేదండీ అన్నారట. అన్నిటికన్నా ఘోరం ఏమిటంటే, పెద్ద డాక్టరు చేతిలో కలం కింద పడింది. ఆ గదిలో వంగకూడని మనిషి ఒక్కడే ఉన్నాడు. ఆయనే గబుక్కున వంగి, కలం తీసి, రెండు చేతులతో అందించారు.

"వొంగినప్పుడు ఆయన కళ్ళంట నీళ్ళు తిరిగేయమ్మగారూ. నేను తలుపు సందులోంచి చూసేను," అన్నాడు లస్కరు.

"డాక్టర్లు చూడలేదా?"

"ఆయనగారు కలం పుచ్చుకుంటన్నారండి."

బోర్డు రాసింది వచ్చింది. ఓవర్సీరు గారు ఆ ఇంగ్లీషంతా మాకు తెలుగులో చెప్పారు. మనిషి చురుగ్గా ఉన్నాడు, ఆసరా లేకుండా ఎంతసేపైనా నిలబడగలడు, నడుం సులువుగా వంచగలడు, తనకి ఏ బాధా లేదని తానే చెప్పాడు, డ్యూటీకి అర్హుడు. చదివి ఓవర్సీరు గారు నా మొహం చూడలేక కాలవకేసి చూశారు. ఈలోగా సంగతి లాకంతా పాకి, సూపర్నెంటు గారికి నయమైపోయిందని లస్కర్ల ఆడవాళ్ళు అరటిపళ్ళు పట్టుకుని పలకరించడానికి వచ్చారు. అందరికీ కాఫీ పెట్టాను. మా వారు అందరికీ దణ్ణాలు పెట్టారు.

డ్యూటీలో చేరారు. అంటే లస్కర్లు లాకు గోడ పక్కన చెట్టు నీడలో నులకమంచం వేసేవారు, ఆయన అందులో పడుకుని తలుపులు తిప్పించేవారు. ఆఫీసర్ల లాంచీ వస్తోందంటే మంచం తీసేసి ఆయన్ని నిలబెట్టేవారు. కాలవ మీద ఆఫీసర్లు ఎంత తరచుగా తిరుగుతారో అంతకుముందు నాకు తెలీదు.

ఒకరోజు తలుపు పక్కన ఏదో ఇరుక్కుంది. లస్కర్లకి ఎంతకీ అర్థం కాలేదు. ఆయన చూస్తానని తలుపు పై చెక్క మీద నడుచుకుంటూ మధ్యదాకా వెళ్ళారు. చెక్క మూరెడు వెడల్పు. ఒక పక్క ఎగువ నీళ్ళు నిండుగా, ఇంకో పక్క దిగువ నీళ్ళు ఎంతో లోతున. అక్కడ నడుం పట్టేసింది. ముందుకీ వెనక్కీ అడుగు పడలేదు. నేను అన్నం తినడానికి పిలుద్దామని వచ్చి చూశాను. ఆయన చేతి కమ్మీ పట్టుకుని కొయ్యబారిపోయి ఉన్నారు. పిలవలేదు, అరవలేదు. దిగువన పడవలో జనం ఉన్నారు, వాళ్ళ ముందు కేకలు వెయ్యడం బాగుండదని. పెద్ద లస్కరు చెక్క మీద పాక్కుంటూ వెళ్ళి ఆయన్ని వీపు మీద వేసుకుని తెచ్చాడు. ఈసారి పడితే గుంజ మీద పడరు, నీళ్ళలో పడతారు. పింఛను సంగతి అలా ఉంచి, ముందు మనిషి దక్కాలి కదా అనుకున్నాను.

ఓవర్సీరు గారు ఆ సంగతి విని, పైవాళ్ళకి రాసి, మళ్ళీ బోర్డుకి పిలిపించే ఏర్పాటు చేశారు. "ఇదే ఆఖర్సారండి. ఇంకోసారి అడగనివ్వరు," అని మా వారికి కాకుండా నాకు చెప్పారు.

ఈలోగా నేను మా వారికి బాగోలేదని చెప్పడం నేర్పాను. పెద్ద లస్కరు భార్యని రోజూ పొద్దున్నే వచ్చి పలకరించమన్నాను.

"ఎలాగున్నారండి బాబూ?" అనేదామె గుమ్మంలో నిలబడి, నా కేసి చూస్తూ.

"బా..." అనేవారు ఆయన. నేను ఉరిమి చూసేదాన్ని. "బా... బాగానే... అంత బాగా ఏంకాదు గాని, ఫరవాలేదమ్మా. నువ్వు బాగున్నావా?"

"నడుం చాలా నొప్పిగా ఉందీ అనండి," అనేదాన్ని.

"ఆవిడకెందుకు ఆ గొడవ? పాపం, బాగుండాలని కోరి అడుగుతోంది. అడిగినవాళ్ళ నెత్తిన మన నొప్పి పెట్టి పంపించడం ఏం పద్ధతి?"

"డాక్టర్లు అడిగేది అందుకే."

"డాక్టర్లయితే మాత్రం? వాళ్ళకి మనసుండదా?"

ఈ మనిషితో నేను పదిహేడేళ్ళు కాపరం చేశాను, ఒక్క వాదనలోనూ నెగ్గలేదు. ఆయన గొంతు పెంచరు. గొంతు పెంచని మనిషితో పోట్లాడితే చూసేవాళ్ళకి మనమే గయ్యాళిలా కనిపిస్తాం. గట్టు మీద నాకు ఆ పేరు ఎలాగూ వచ్చింది. ఆఖరికి, ఈసారి నేనూ వస్తున్నానని చెప్పాను. అవసరమైతే నేనే లోపలికెళ్ళి, ఈయన అబద్ధమాడుతున్నాడండీ అని ముగ్గురు డాక్టర్ల మొహాన్నే చెప్పేద్దామని నిశ్చయించుకున్నాను. ఏమనాలో మాటలు కూడా కూర్చుకున్నాను. వాటిలో కొన్ని ఆయన వినదగ్గవి కావు.

ముక్తేశ్వరం రేవులో పడవెక్కి గోదావరి దాటి, ఇసక మీద ఎడ్లబండిలో ఆయన్ని గడ్డి పరుపు మీద పడుకోబెట్టి, కోటిపల్లి చేరాం. అక్కణ్ణించి కాకినాడకి పూర్వం రైలుండేది. యుద్ధంలో అవసరమని పట్టాలు పీక్కుపోయారు, మళ్ళీ వెయ్యలేదు. బస్సులో వెనక సీటంతా బతిమాలి ఖాళీ చేయించి ఆయన్ని పడుకోబెట్టాను. దారి పొడుగునా పక్కవాళ్ళకి ఇబ్బంది కలిగిస్తున్నందుకు ఆయన క్షమాపణలు చెప్పుకుంటూనే ఉన్నారు. గతుకు వచ్చినప్పుడు మాత్రం మాట ఆగేది.

ఆసుపత్రి వరండాలో ఆయన్ని బెంచీ మీద పడుకోబెట్టి, పక్కన నిలబడి కాపలా కాశాను. డాక్టరు ఎవరొచ్చినా లేవనివ్వలేదు. పేరు పిలిచాక ఆసుపత్రి జవాను చెయ్యి పట్టి లోపలికి తీసుకెళ్ళాడు. ఆడవాళ్ళు బయటే ఉండాలన్నాడు. ఆ గదికి సగం తలుపు ఉంది, కింద కాళ్ళూ పైన తలలూ కనపడేలా. నేను దాని పక్కనే నిలబడ్డాను.

పాత ముగ్గురిలో ఇద్దరు మారిపోయారని తర్వాత తెలిసింది. మధ్యలో కూర్చున్న పెద్దాయన కొత్తవాడు, మాట వినగానే మా వైపు మనిషని తెలిసిపోయింది.

"ఎలా ఉన్నారండీ?" అన్నాడాయన.

"తమ దయవల్ల బాగానే ఉన్నానండీ," అన్నారు మా వారు.

నేను తలుపు మీద చెయ్యి వేశాను. జవాను అడ్డం వచ్చాడు.

"నడుం ఎలా ఉందండీ?"

"ఏదో అలా ఉందండీ. ఫరవాలేదండీ."

"కూర్చోండి."

"ఫరవాలేదండీ."

పక్క డాక్టరు ఏదో రాస్తున్న చప్పుడు వినిపించింది. అయిపోయింది అనుకున్నాను. జవాన్ని తోసుకుని వెళ్ళాలా, ఏడవాలా అని చూస్తున్నాను. అప్పుడు పెద్ద డాక్టరు, పిలిచి మాట్లాడిన మనిషిని ఊరికే పంపకూడదని అడిగినట్టుగా, "ఇంటి దగ్గర అంతా కులాసానా అండీ? మీ ఇంటావిడ బాగున్నారా?" అన్నాడు. అది తెలివో, మర్యాదో, నాకిప్పటికీ తెలీదు.

"ఆవిడే బాగోలేదండీ," అన్నారు మా వారు.

"ఏం, ఏం చేసింది?"

"నా వల్లేనండీ. పొద్దున్నే నన్ను పక్కకి తిప్పి, కాళ్ళు మంచం దింపి, నడుం కింద చెయ్యేసి లేపాలండీ. నేను బరువు మనిషినండీ. ఆవిడ కుడి భుజం ఎప్పుడూ వాచే ఉంటాది. చెయ్యెత్తి జడేసుకోలేదండీ, పెద్దపిల్ల వేస్తాది. నా పంచె ఆవిడే కడతాదండీ. పెరట్లోకి ఆవిడే తీసుకెళ్ళాలండీ. రాత్రిళ్ళు నా మంచం పక్కన నేల మీద పడుకుంటాదండీ, మూలిగితే లేస్తాదని నేను పంటి కింద గుడ్డ పెట్టుకుంటానండీ. అయినా లేస్తాది. ఎలా తెలుస్తాదో నాకు తెలీదండీ."

ఎవరో కుర్చీ లాగారు. ఆయన కాళ్ళు కదల్లేదు.

"వంటింట్లో గిన్నెలు పడేస్తాదండీ. కోపం మనిషని అందరూ అనుకుంటారండీ. ఏడిస్తే నాకు వినపడకూడదని అలా పడేస్తాదండీ. నేనలాగే కోపమనుకున్నట్టు ఊరుకుంటానండీ."

అది ఎవరికీ తెలీదనుకున్నాను నేను. పిల్లలకి కూడా తెలీదు. జవాను నా మొహం చూసి, తలుపుకి అడ్డం పెట్టిన చెయ్యి తీసేసి, దాన్ని ఏం చేసుకోవాలో తెలీక టోపీ సర్దుకున్నాడు.

"చొక్కా విప్పండి, చూస్తాం," అన్నాడు పెద్ద డాక్టరు.

"అదీ ఆవిడేనండీ," అన్నారు మా వారు.

అలా నన్ను లోపలికి పిలిచారు. కూర్చుకున్న మాటలన్నీ నోటి దాకా వచ్చి ఉండాల్సింది. ఒక్కటీ రాలేదు. ముగ్గురు పరాయి మగవాళ్ళ ముందు నిలబడి కోటు విప్పాను, చొక్కా విప్పాను. బల్ల మీద పడుకోబెట్టమన్నారు. రోజూ ఎలా పడుకోబెడతానో అలాగే, నా మెడ చుట్టూ ఆయన చెయ్యి వేయించుకుని, మోకాలు ఆనించి, మెల్లిగా వాల్చాను. మళ్ళీ లేపమన్నారు. లేపాను. నడుం చుట్టూ కాపడాల మచ్చలున్నాయి. పెద్ద డాక్టరు వాటి మీద ఒకసారి వేలు పెట్టి తీసేశాడు. ఆ తర్వాత మమ్మల్ని ఎవరూ ఏమీ అడగలేదు.

"పింఛనుకి రాస్తున్నామండీ," అన్నాడాయన కలం తీస్తూ. "ఇంక మీరు డ్యూటీకి వెళ్ళక్కర్లేదు."

"ఆయ్," అన్నారు మా వారు.

బయటికొచ్చాం. వరండా నిండా జనం. మెట్లు చాలా ఎత్తుగా ఉన్నాయి. జవాను చెయ్యి అందించబోయాడు. నేను ఆయన కేసి చూడలేకపోయాను. చూస్తే అక్కడే కూలబడి ఏడుస్తాను, అందరూ చూస్తారు.

"నీ గురించి నలుగురిలో చెప్పాల్సొచ్చింది. ఏవీ అనుకోకు," అన్నారాయన మెల్లిగా.

మా కాలంలో భార్యాభర్తలు వీధిలో పక్కపక్కన నడవరు. పెళ్ళయిన దగ్గర్నించీ ఆయన నలుగురిలో నన్ను ముట్టుకున్నది లేదు. తలుపు చెక్క మీద కొయ్యబారిపోయిన రోజున కూడా, గట్టుకి చేర్చాక, నేను పట్టుకోబోతే అందరూ ఉన్నారని చెయ్యి వెనక్కి తీసుకున్నారు. ఆ మెట్ల మీద, అంతమంది చూస్తుండగా, ఆయన జవాను చెయ్యి అందుకోకుండా నా ఎడం భుజం మీద చెయ్యి వేశారు. కుడిది కాదు. ఒళ్ళు బరువంతా దాని మీద ఆనించారు. ఒక్కో మెట్టూ దిగాం.